చుక్క సైజు మారుతోందా? ముందు ప్రెషర్ నాబ్ మీద నుంచి చెయ్యి తీయండి

మీ ప్రశ్నలో ఉన్నది క్లుప్తంగా ఇది. వేవ్ సోల్డరింగ్‌కి (కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డుని నడపడం) వెళ్లే బోర్డుల అడుగు వైపు చిప్ కాంపోనెంట్లు ఊడిపోకుండా ఎర్ర ఎపాక్సీ గ్లూ చుక్కలు పెడుతున్నారు. టైమ్-ప్రెషర్ డిస్పెన్సర్, 10 సీసీ సిరంజి, 25 గేజ్ నీడిల్. ఉదయం చుక్కలు బాగానే వస్తాయి. మధ్యాహ్నానికి పెద్దవై ప్యాడ్‌ల (సోల్డర్ అంటాల్సిన రాగి చోట్లు) మీదికి పాకుతాయి. సిరంజి అడుగంటే వేళకి చిన్నవైపోయి కొన్ని చిప్‌లు సోల్డర్ బాత్‌లో రాలిపోతున్నాయి. మెషీన్ ఆగి మళ్లీ మొదలైతే తొలి బోర్డులు ఎప్పుడూ తేడాగానే ఉంటున్నాయి. ఏ షిఫ్ట్‌కి ఆ షిఫ్ట్ ఆపరేటర్ ప్రెషర్ సర్దుతున్నా దారికి రావడం లేదు.

ఆ సర్దుబాటు వల్లే దారికి రావడం లేదండి. మీరు రాసినవి ఒకే జబ్బు లక్షణాలు కావు, మూడు వేర్వేరు జబ్బులు. మూడింటికీ ఒకటే మందు వేస్తున్నారు. మధ్యాహ్నం చుక్క పెరిగేది వేడికి గ్లూ పల్చబడి. సిరంజి చివర తగ్గేది లోపల గాలి పెరిగి. ఆగి మొదలయ్యాక తేడా వచ్చేది, కదలకుండా ఉన్న గ్లూ చిక్కబడి. మధ్యాహ్నం ప్రెషర్ తగ్గించిన సెట్టింగ్‌తోనే సిరంజి అడుగుకి చేరితే చుక్క రెండింతలు దెబ్బతింటుంది. అందుకని రెండు రోజుల పాటు సెట్టింగ్ ముట్టకుండా ఒక కాగితం మీద రాయించండి: సమయం, బోర్డు నంబరు, సిరంజిలో మిగిలిన గ్లూ, సిరంజి పక్కన ఉష్ణోగ్రత, నీడిల్ ఎప్పుడు మార్చారు, మెషీన్ ఎంతసేపు ఆగింది. తేడా గడియారంతో పాటు నడుస్తోందా, సిరంజి మట్టంతో నడుస్తోందా, ఆగిన ప్రతిసారీ వస్తోందా, నీడిల్ మార్చగానే వస్తోందా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

రాయడానికి ముందు కొలత సరిగ్గా ఉండాలి. చాలాచోట్ల చుక్క వ్యాసం ఒక్కటే చూసి సరే అనుకుంటారు. చుక్క ఆకారం మారకుండా వ్యాసం 5 శాతం పెరిగితే గ్లూ పరిమాణం దాదాపు 16 శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఘనపరిమాణం వ్యాసం ఘనంతో నడుస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు చుక్కల మధ్య అంత తేడా దాగి ఉండొచ్చు. కాబట్టి బరువు కొలవండి. 0.8 మి.మీ. వ్యాసం, 0.3 మి.మీ. ఎత్తు ఉన్న గుమ్మటం లాంటి చుక్క పరిమాణం సుమారు 0.09 ఘన మి.మీ. సాంద్రత 1.2 అనుకుంటే బరువు 0.11 మిల్లీగ్రాము కూడా ఉండదు. 0.1 మి.గ్రా. వరకే చూపే తూకంతో ఒక్క చుక్కని తూచడం కుదరదు. పలుచని అల్యూమినియం రేకు ముక్కని ముందు తూచి, దాని మీద 200 చుక్కలు పెట్టి మళ్లీ తూచండి. 21.5 మి.గ్రా. దగ్గర రావాలి. తూకం యంత్రానికి గాలి తగలకుండా తలుపులు మూసి ఉంచండి, రేకుని చేత్తో కాకుండా ట్వీజర్‌తో పట్టుకోండి.

ఇలాంటి సెట్‌లు రోజంతా తీసి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ లెక్కకట్టండి. హద్దులు ప్లస్ మైనస్ 10 శాతం, అంటే 19.35 నుంచి 23.65 అనుకుందాం. డీవియేషన్ 0.5 ఉంటే సీపీ (హద్దుల మధ్య వెడల్పుని ఆరు డీవియేషన్లతో భాగించిన అంకె) 1.43, చూడ్డానికి బాగుంది. కానీ సగటు 22.6 దగ్గర కూర్చుంటే సీపీకే (సగటు నుంచి దగ్గరి హద్దుకి ఉన్న దూరాన్ని మూడు డీవియేషన్లతో భాగించిన అంకె) 0.70కి పడిపోతుంది. మెషీన్‌లో నిలకడ ఉంది, గురి మాత్రమే తప్పింది అని దీని అర్థం. ఇక్కడ ఒక్కసారి సెట్టింగ్ మార్చడం సబబే. సీపీ కూడా 1 కన్నా తక్కువ వస్తే ఎంత సర్దినా లాభం లేదు; తేడా పుడుతున్న చోటు వెతకాల్సిందే. ఇంకో సంగతి. 200 చుక్కలు కలిపి తూచినప్పుడు ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ ఉన్న తేడా సగటులో కలిసిపోయి కనిపించదు. దాని కోసం ఏఓఐ (కెమెరాతో బోర్డుని తనిఖీ చేసే యంత్రం) లేదా మైక్రోస్కోప్‌తో విడివిడి చుక్కల వ్యాసం కూడా చూడాలి. బరువు గురిని చూపిస్తుంది, వ్యాసాల చెదురు నిలకడని చూపిస్తుంది. రెండూ కావాలి.

ఇక సిరంజి చివర చుక్క ఎందుకు తగ్గుతుందో చూద్దాం. టైమ్-ప్రెషర్ పద్ధతిలో గ్లూని నెట్టేది గాలి. ప్రతి షాట్‌కి, అంటే చుక్క పెట్టే ప్రతిసారీ, కంట్రోలర్ నుంచి గాలి వచ్చి, ట్యూబ్‌నీ సిరంజి పైభాగాన్నీ నింపి, ఒత్తిడి పూర్తిగా పెరిగాకే గ్లూ పూర్తి వేగంతో కదులుతుంది. సిరంజి నిండుగా ఉంటే పైన గాలికి ఉన్న చోటు తక్కువ, ఒత్తిడి వెంటనే పెరుగుతుంది. ఖాళీ అయ్యేకొద్దీ నింపాల్సిన చోటు పెరిగి, అదే షాట్ సమయంలో ఒత్తిడి ఆలస్యంగా అందుతుంది. ట్యూబ్ కూడా ఈ లెక్కలోదే. లోపలి వ్యాసం 2.5 మి.మీ. ఉన్న ట్యూబ్ మీటరుకి దాదాపు 5 సీసీ గాలి పట్టుకుంటుంది. రెండు మీటర్ల ట్యూబ్ వేస్తే ఖాళీ 10 సీసీ సిరంజిని ఇంకొకటి తగిలించినట్టే.

చేయాల్సినవి తేలికైనవే. కంట్రోలర్‌ని సిరంజి దగ్గరికి తెచ్చి ట్యూబ్ వీలైనంత కురచ చేయండి. షాట్ సమయం 20 మిల్లీసెకన్లు పెట్టి ప్రెషర్ ఎక్కువ పెట్టడం కన్నా, టాక్ట్ టైమ్ (ఒక్కో బోర్డుకి దొరికే సమయం) ఒప్పుకుంటే సమయం మూడు నాలుగు రెట్లు పెంచి ప్రెషర్ తగ్గించండి. ఒత్తిడి పెరిగే ఆ తొలి కొన్ని మిల్లీసెకన్లు మొత్తం షాట్‌లో చిన్న భాగమైపోతాయి. సిరంజిలో ఐదో వంతు మిగలగానే మార్చేయండి. మిగిలిన గ్లూ వృథా అనిపిస్తుంది గానీ బోర్డు రీవర్క్ ముందు అది లెక్కలోది కాదు. కంట్రోలర్‌లో మట్టాన్ని బట్టి సమయాన్ని తనే పెంచే సౌకర్యం ఉంటే వాడండి. అయితే సిరంజి నిండుగా, సగం, పావు వంతు ఉన్నప్పుడు బరువు తూచి ఆ లెక్కని సరిచూశాకే నమ్మండి.

గాలి లైన్ కూడా చూడండి. పక్క మెషీన్ సిలిండర్లు కదిలినప్పుడు డిస్పెన్సర్ ముందున్న గేజ్ ముల్లు ఊగితే, మెయిన్ లైన్ ఒత్తిడి పడిపోతోందన్నమాట. డిస్పెన్సర్‌కి విడిగా రెగ్యులేటర్, దాని ముందు చిన్న ట్యాంకు, తేమని పట్టే ఫిల్టర్ పెట్టాలి. సెట్ చేసిన ప్రెషర్ కన్నా సప్లై ఎప్పుడూ ఎక్కువగానే ఉండాలి.

మధ్యాహ్నం పెరిగే చుక్కకి మందు వేరు. ఎపాక్సీ చిక్కదనం ఉష్ణోగ్రతకి బాగా లొంగుతుంది. గదిలో నాలుగైదు డిగ్రీలు పెరిగినా చుక్కలో కనబడుతుంది. ఏసీ ఉందిగా అనుకోవద్దు. మెషీన్ మూత లోపల, మోటార్ల పక్కన వేలాడే సిరంజి దగ్గర థర్మోకపుల్ పెట్టి చూడండి, గది గోడ మీది అంకె కన్నా ఎక్కువ ఉంటుంది. సిరంజికీ నీడిల్‌కీ హీటర్ జాకెట్ ఉంటే, సెట్ పాయింట్‌ని ఆ చోట వచ్చే అత్యధిక ఉష్ణోగ్రత కన్నా నాలుగైదు డిగ్రీలు పైన పెట్టండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. హీటర్ వేడి చేయగలదే గానీ చల్లార్చలేదు. 25 డిగ్రీలకి సెట్ చేసి, లోపల 29 అయితే కంట్రోల్ లేనట్టే. 33 నుంచి 34 దగ్గర పెడితే రోజంతా ఒకేలా ఉంటుంది. కాకపోతే డేటాషీట్‌లో ఆ వేడికి పని చేసే గడువు ఎంతో చూడండి, వేడితో పాటు గ్లూ ముదరడమూ వేగమవుతుంది. కొత్త సిరంజి తగిలించాక లోపలి గ్లూ ఆ వేడికి చేరడానికి కాస్త సమయం ఇవ్వాలి.

ఆగి మొదలైనప్పటి సమస్య గ్లూ స్వభావంలోనే ఉంది. ఈ గ్లూ కదిలిస్తే పల్చబడుతుంది, వదిలేస్తే చిక్కబడుతుంది. ఆ గుణం లేకపోతే చుక్క బోర్డు మీద నిలబడదు, పరుచుకుపోతుంది. కాబట్టి అది లోపం కాదు, మనం దానికి తగ్గట్టు నడవాలి. మెషీన్ 5 నిమిషాలకి మించి ఆగితే, మళ్లీ మొదలయ్యే ముందు పర్జ్ స్టేషన్‌లో (బోర్డు మీద కాకుండా గ్లూ వదిలేసే చోట) పది పదిహేను షాట్లు తనే వదిలేలా ప్రోగ్రామ్ పెట్టండి. మీ గ్లూకి ఎన్ని కావాలో తేల్చడానికి అరగంట ఆపి, వరసగా 40 చుక్కలు ఒక గాజు స్లైడ్ మీద పెట్టి వ్యాసాలు కొలవండి. ఎన్నో చుక్క దగ్గర స్థిరపడిందో ఆ అంకెకి ఐదు కలిపి పెట్టుకోండి. ఎక్కువసేపు ఆగేటప్పుడు నీడిల్ కొనకి మూత పెట్టాలి.

ఫ్రిజ్ నుంచి తీసే పద్ధతి గురించి మీరు రాయలేదు. అడగాల్సింది మాత్రం ముందు అదే. చాలా ఎర్ర గ్లూలని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు. తీశాక మూత విప్పకుండా, కొన కిందికి ఉండేలా నిలబెట్టి, గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగాలి. 10 సీసీకి గంటన్నర రెండు గంటలు మామూలే, అసలు లెక్క డేటాషీట్‌లో ఉంటుంది. చల్లగా ఉండగా మూత తీస్తే గాలిలో తేమ గ్లూ మీద నీటి పొరలా కడుతుంది. ఆ నీరే గ్లూని గట్టిపరిచే క్యూరింగ్ ఓవెన్‌లో ఆవిరై చుక్కలో బుడగలవుతుంది. ఆ బుడగల్లోకి వేవ్‌లో ఫ్లక్స్ (సోల్డర్ అంటడానికి పూసే రసాయనం) దూరుతుంది. త్వరగా అవుతుందని వేడి నీళ్లలోనో ఓవెన్‌లోనో పెట్టకండి. అండర్‌ఫిల్ (చిప్ కింద సందు నింపేది), వెండి కలిపిన గ్లూ లాంటివి మైనస్ 40 డిగ్రీల్లో వస్తాయి. వాటిని ఒకసారి కరిగించాక మళ్లీ గడ్డకట్టించకూడదు.

సిరంజి తగిలించే ముందు దాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. లోపలి గోడకీ గ్లూకీ మధ్య నెలవంకలా మెరిసే సన్నటి గీత కనబడితే అది గాలి. గ్లూ చల్లబడి ముడుచుకున్నప్పుడు గోడని వదిలేసిన చోటు అది. అది నీడిల్ దాకా దిగినప్పుడు ఒక చుక్క మాయమవుతుంది, దాని వెనక ఒకటి ఉబ్బుతుంది. షాట్ అయిపోయాక కూడా కొన నుంచి గ్లూ కారడానికి కూడా ఎక్కువగా ఈ గాలే కారణం. నొక్కుకుపోయిన బుడగ ప్రెషర్ వదలగానే వ్యాకోచించి గ్లూని బయటికి తోస్తుంది. అలాంటి సిరంజిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, లేదంటే పక్కన పెట్టాలి. లోపలి పిస్టన్ అంచు చుట్టూ గ్లూ మరకలు పైకి పాకాయేమో కూడా చూడండి. పాకితే పిస్టన్ ఆ సిరంజికి సరిపోలేదు, గాలి పక్క నుంచి దూరుతోంది.

నీడిల్ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, చుక్కని అది శాసించినంతగా మరేదీ శాసించదు. సన్నటి గొట్టంలో ప్రవాహం లోపలి వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. 25 గేజ్ లోపలి వ్యాసం 0.25 మి.మీ., 27 గేజ్‌ది 0.20. మిగతావన్నీ ఒకటే అయినా ప్రవాహం 41 శాతానికి పడిపోతుంది. కదిలిస్తే పల్చబడే ఇలాంటి గ్లూలో తేడా ఇంకా ఎక్కువ. అంతెందుకు, ఒకే 25 గేజ్‌లో తయారీ తేడా 0.01 మి.మీ. ఉన్నా ప్రవాహం 17 శాతం మారుతుంది. నీడిల్ మార్చగానే చుక్క మారిందంటే ఆపరేటర్ తప్పు కాదు. నీడిల్‌ల లాట్ నంబరు కూడా మీ కాగితంలో రాయించండి. కోసుగా ఉండే టేపర్ నీడిల్ వాడితే తక్కువ ఒత్తిడికే గ్లూ కదులుతుంది, సెట్టింగ్‌కి ఊపిరి దొరుకుతుంది. వెండి పొడి లాంటి రేణువులు కలిపిన గ్లూ అయితే నీడిల్ లోపలి వ్యాసం అతిపెద్ద రేణువుకి కనీసం ఏడెనిమిది రెట్లు ఉండాలి. లేకపోతే రేణువులు నోటి దగ్గర ఇరుక్కుని దారి మూసేస్తాయి.

నీడిల్ కొనకీ బోర్డుకీ మధ్య ఖాళీ లోపలి వ్యాసంలో సగం దగ్గర మొదలుపెట్టండి, మీకైతే 0.12 మి.మీ. చుక్క వ్యాసం నీడిల్ లోపలి వ్యాసానికి రెండింతల దగ్గర ఉంటే ఆకారం బాగా వస్తుంది. మీకు 0.8 మి.మీ. చుక్క కావాలి కాబట్టి 25 గేజ్ చిన్నదే. 22 గేజ్, 0.41 మి.మీ., పెట్టి ఖాళీని 0.2కి మార్చి చూడండి. ఇప్పుడు మీరు సన్న నీడిల్‌లోంచి ఎక్కువ గ్లూ నెడుతున్నారు. ప్రెషర్‌లో చిన్న తేడాకే చుక్క మారడానికి అదొక కారణం. ఖాళీ మరీ ఎక్కువైతే గ్లూ బోర్డుని అంటుకోక కొనకే వేలాడుతుంది, మరీ తక్కువైతే చుక్క నలిగి అంచు పాకుతుంది.

తోక రావడం దీని పక్కదే. బోర్డుని మైక్రోస్కోప్ కింద ఇరవై రెట్లలో చూస్తే, చుక్క నెత్తి మీద నుంచి వెంట్రుకలాంటి ఎర్ర పోగు ఒకటి పక్కకి వాలి, ప్యాడ్ అంచుని దాటి పడి ఉంటుంది. మామూలు కంటికి ప్యాడ్ శుభ్రంగానే కనబడుతుంది. ఓవెన్‌లో అది గట్టిపడ్డాక ఆ గీత మీద సోల్డర్ అంటదు, జాయింట్ ఓపెన్ అవుతుంది. తోక వస్తే ప్రెషర్ తగ్గించకండి. షాట్ ముగిశాక నీడిల్‌ని 30 నుంచి 50 మిల్లీసెకన్లు అక్కడే ఆపండి. గాలి ఆగాక కూడా గ్లూ కాసేపు కదులుతుంది. తర్వాత మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు నెమ్మదిగా లేపి, పోగు తెగాక వేగం పెంచండి. పోగు తెగేంత ఎత్తు లేచాకే పక్కకి జరగాలి. బోర్డు కింద సపోర్ట్ పిన్‌లు సరిపోకపోతే బోర్డు నీడిల్‌తో పాటు పైకి ఎగిరి అదే తోక వస్తుంది. బోర్డు మీద స్టాటిక్ ఉన్నా పోగు పక్కకి లాగబడుతుంది, అక్కడ స్టాటిక్‌ని పోగొట్టే అయోనైజర్ పని చేస్తుంది. గ్లూ చల్లగా ఉన్నా, గడువు దగ్గరపడినా తోక పొడుగవుతుంది.

చుక్క ఎత్తు గురించి ఒక మాట. చిప్ పొట్ట బోర్డుని తాకదు. ప్యాడ్ రాగి మందం, చిప్ చివరల లోహపు మందం దాన్ని పైకి ఎత్తుతాయి. చుక్క ఆ సందుకన్నా బాగా ఎత్తుగా ఉంటేనే చిప్‌కి అంటుకుంటుంది. ఎస్‌ఓఐసీ (రెండు పక్కలా కాళ్లుండే) ఐసీల కింద సందు 0.10 నుంచి 0.25 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి చిప్ రెసిస్టర్‌కి సరిపోయిన చుక్క వాటికి సరిపోదు. అక్కడ పెద్ద నీడిల్‌తో రెండు ఎత్తైన చుక్కలు పెట్టాలి.

ఇవన్నీ చేశాక కూడా సీపీ 1.33కి చేరకపోతే అప్పుడు వాల్వ్ మార్పు ఆలోచించండి, ముందు కాదు. స్క్రూతో నెట్టే ఆగర్ వాల్వ్‌లో సిరంజి మట్టం ప్రభావం బాగా తగ్గుతుంది కానీ చిక్కదనం ప్రభావం కొంత మిగులుతుంది. పిస్టన్‌తో కొలిచి నెట్టేది చిక్కదనాన్ని పట్టించుకోదు, కడగడం కష్టం. జెట్ వాల్వ్ బోర్డుని తాకకుండా పైనుంచి చుక్కని విసురుతుంది కాబట్టి బోర్డు వంపు బాధ లేదు, వేగం ఎక్కువ. కానీ చిక్కదనం తప్పితే చుట్టూ సన్న తుంపరలు పడతాయి. రేణువులున్న గ్లూతో నాజిల్ అరుగుతుంది, దాన్ని షాట్‌ల లెక్క పెట్టుకుని మార్చాలి. బుడగలున్న గ్లూ ఏ వాల్వ్‌తోనూ బాగుపడదు.

వేరే గ్లూలు వాడే లైన్‌లకి క్లుప్తంగా. రెండు భాగాలు కలిపేదైతే ఏ, బీ రెండింటినీ మిక్సర్ తీసేసి విడివిడిగా తూచి నిష్పత్తి చూడండి. ఒక పక్క పంపులో బుడగ చేరినా మొత్తం బరువు సరిగ్గానే కనబడి, గ్లూ మాత్రం మెత్తగా ఉండిపోతుంది. తేమతో గట్టిపడే సిలికోన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది, ఎలక్ట్రానిక్స్‌కి న్యూట్రల్ రకమే వాడాలి. ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికోన్ గంధకం, అమైన్‌లు తగిలితే గట్టిపడదు. లేటెక్స్ చేతి తొడుగులు కూడా అందుకు చాలు. యూవీ గ్లూకి నల్లటి లేదా తేనెరంగు సిరంజి, ట్యూబ్ తప్పనిసరి. దీపం వెలుగుని రేడియోమీటర్‌తో కొలవాలి. గాలి తగలకపోతే గట్టిపడే ఎనరోబిక్ గ్లూకి లోహపు నీడిల్ వాడితే నీడిల్‌లోనే గట్టిపడుతుంది, ప్లాస్టిక్‌ది పెట్టండి.

చుక్క ఎంత చక్కగా ఉన్నా ఓవెన్ సరిలేకపోతే చిప్ రాలుతుంది. థర్మోకపుల్‌ని బోర్డు మీద కాకుండా, ఉన్నవాటిలో పెద్ద కాంపోనెంట్ కింద గ్లూలోనే పాతి, ఎప్పుడెంత వేడి ఉందో చూపే ప్రొఫైల్ తీయండి. డేటాషీట్‌లో రాసిన వేడి, సమయం ఆ చోట అందాలి. తర్వాత ఫోర్స్ గేజ్‌తో చిప్‌లని పక్క నుంచి తోసి ఊడే బలం రాసుకోండి, అంకెతో పాటు ఎలా ఊడిందో కూడా. గ్లూ మధ్యలో చీలి సగం చిప్‌కి, సగం బోర్డుకి మిగిలితే అంటుకోవడం బాగుంది. సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రక్షణ పూత) పెచ్చుతో సహా లేస్తే గ్లూ బలం మాస్క్‌ని మించింది. బోర్డు వైపు అద్దంలా శుభ్రంగా వదిలేస్తే బోర్డు మీద మురికి గానీ తేమ గానీ ఉంది, లేదా గ్లూ పూర్తిగా ఉడకలేదు. ఆ మూడో రకం కనబడితే చుక్క సైజు పెంచి లాభం లేదు.

ఇక రోజువారీ నడక. ప్రెషర్, సమయం మార్చే అధికారం ప్రాసెస్ ఇంజినీర్‌కే ఉంచి పాస్‌వర్డ్ పెట్టండి. ఆపరేటర్ చేతిలో ఉండాల్సినవి నాలుగు: పర్జ్, కొన తుడవడం, సిరంజి మార్పు, నీడిల్ మార్పు. నీడిల్ గానీ సిరంజి గానీ మార్చిన ప్రతిసారీ ఎత్తు, ఎక్స్‌వై కేలిబ్రేషన్ చేసి, పర్జ్ చేసి, గాజు స్లైడ్ మీద 20 చుక్కలు పెట్టి వ్యాసాలు చూసి, రేకు మీద 200 తూచాకే మొదటి బోర్డు లోపలికి వెళ్లాలి. బరువు హద్దు దాటితే ముందు మళ్లీ పర్జ్, తర్వాత ఇంకో నీడిల్, ఆ తర్వాత ఇంకో సిరంజి, అదే వరసలో. మూడూ అయ్యాక కూడా దాటితే లైన్ ఆపి ఇంజినీర్‌ని పిలవాలి. చివరి మంచి తూకం నుంచి ఆ క్షణం దాకా వేసిన బోర్డులన్నీ ఓవెన్‌కి వెళ్లకముందే పక్కన పెట్టండి. ఉడకని గ్లూని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయొచ్చు. ఉడికాక గీకాల్సిందే, గీకితే ప్యాడ్ లేచిపోవచ్చు.